వీసా ఉంటే అనుభవం, లేకుంటే అవస్థ

విదేశాలు తిరిగొచ్చిన మనవాళ్ల ముచ్చట్లలో ఒక విశేషం ఉంది. అక్కడ జరిగిన ప్రతి నష్టమూ లాభాల ఖాతాలోనే పడుతుంది. రోములో జేబు కొట్టేశారా, అదొక థ్రిల్లు. ప్యారిస్ మెట్రోలో బయటికి వచ్చేదాకా ఉంచుకోవాల్సిన టికెట్‌ను మధ్యలోనే పారేసి జరిమానా కట్టారా, అది అక్కడి క్రమశిక్షణకు నిదర్శనం. ఇటలీలో ప్రాంతీయ రైలు కాగితం టికెట్ మీద మెషీన్‌లో ముద్ర వేయించుకోలేదని డబ్బు గుంజారా, “రూలంటే రూలే, అదీ దేశమంటే!” జర్మనీ స్టేషన్లో మరుగుదొడ్డికి ఒక యూరో, అంటే మన లెక్కలో వంద రూపాయల దాకా, చెల్లించినవాడు ఆ తలుపు తెరుచుకున్న తీరును పదిమందికి వర్ణిస్తాడు. అదే పెద్దమనిషి వికారాబాద్ బస్టాండులో ఐదు రూపాయలు అడిగితే పగటి దోపిడీ అని తగువుకు దిగుతాడు. 2024 ఏప్రిల్ నుంచి వెనిస్ నగరం రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర ఐదు యూరోలు వసూలు చేయడం మొదలుపెడితే, వారసత్వాన్ని కాపాడుకోవడమంటే అదీ అని మెచ్చుకున్నాం. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లో బండి నిలిపినందుకు చీటీ చింపి చేతికిస్తే మాత్రం కొండకు కూడా కిరాయా అంటాం. దూరపు కొండలు నునుపంటారు. అనంతగిరి చేసుకున్న పాపమల్లా హైదరాబాదుకు దగ్గరగా ఉండటమే.

ఈ తేడాకు వాళ్లు చెప్పే కారణం ఒక్కటే: అక్కడ సిస్టమ్ ఉంది, ఇక్కడ లేదు. సరే, సిస్టమ్ దగ్గరికే వెళ్దాం. గడియారంతో పోటీపడతాయని మనం కొలిచే జర్మనీ రైళ్లను చూడండి. 2024లో అక్కడి ప్రభుత్వ రైల్వే సంస్థ డాయిచ బాన్ నడిపిన దూరప్రయాణపు రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతమే. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండానే ఈ అంకె. ఆ మిగతా రైళ్లలో కూర్చున్న మన యాత్రికుడు ఏం చేశాడు? కిటికీలోంచి పచ్చిక బయళ్లను వీడియో తీశాడు. అదే వికారాబాద్ ఔటర్ సిగ్నల్ దగ్గర బండి పావుగంట నిలబడితే కిటికీలోంచి అతనికి కనిపించేది పచ్చటి కొండ కాదు, దేశ భవిష్యత్తు. “ఈ దేశం ఇంతే” అన్న తీర్పు వెలువడటానికి పావుగంట కూడా పట్టదు. ఈ వాడి–సికింద్రాబాద్ లైను మీద 1874 నుంచి రైళ్లు నడుస్తున్నాయి, ఒకటిన్నర శతాబ్దంగా సున్నపురాయి గనుల ఊరు తాండూరును ప్రపంచంతో కలుపుతున్నది ఇదే అన్న సంగతి ఆ తీర్పులో ఉండదు.

ఈ చూపు వెనకున్న లెక్క పెద్ద రహస్యమేమీ కాదు. 2024 జూన్ నుంచి యూరప్ షెంగెన్ వీసా దరఖాస్తుకు 90 యూరోలు. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. దాని మీద విమానం, హోటలు, ఇన్సూరెన్సు. లక్షలు పోసి కొన్న కష్టాన్ని కష్టమని ఒప్పుకుంటే పెట్టిన డబ్బు వృథా అని ఒప్పుకున్నట్టే. కాబట్టి అక్కడ చలికి వణికినా, దారి తప్పినా, ఆకలికి మాడినా అది జ్ఞాపకంగా మారి తీరాలి. తాండూరుకు ప్యాసింజర్ టికెట్ కొన్నవాడికి ఆ బాధ్యత లేదు. చవక టికెట్‌తో కొన్న కష్టం కష్టంగానే మిగిలిపోతుంది.

ఈ కళ్లజోడు ఎంత వింతదంటే, దాంట్లోంచి సొంత రాయి కూడా పరాయిదిగా కనిపిస్తుంది. తాండూరు నీలిరాయి, పసుపురాయి మన ఇళ్ల నేలల్లోనే కాదు, ఇంగ్లండ్‌లో ఇంటి వెనక తోటల్లో, నడకదారుల్లో కూడా పరుస్తారు. లండన్ శివార్లలో అలాంటి బాట మీద నడిచి, ఎంత నున్నగా పరిచారో అని మురిసిపోయినవాడు, ఆ సున్నపురాయి తవ్వుకొచ్చిన ఊళ్లోకి రాగానే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటాడు. పెట్టుకోవాల్సిందే, గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి లారీలు కలిసి లేపే దుమ్ము అబద్ధం కాదు. కానీ ఆ దుమ్ము తాండూరు జనం సంస్కారం తక్కువై లేచింది కాదు. నునుపు అక్కడికి ఎగుమతైంది, ధూళి ఇక్కడ మిగిలింది. పరదేశపు నడకదారికి మార్కులు వేసేటప్పుడు ఆ సగం లెక్క కూడా కలపాలి.

ఇక శుభ్రత. టోక్యో వెళ్లొచ్చినవాళ్లు తప్పకుండా చెప్పే సంగతి: వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనిపించవు, అయినా కాగితం ముక్క కనిపించదు. 1995లో సబ్‌వేలో విషవాయువు దాడి జరిగాక అక్కడ బుట్టలు చాలావరకు తీసేశారు. అరటితొక్కను రోజంతా సంచిలో మోసిన మనిషి ఆ కథను గర్వంగా చెప్పుకుంటాడు. అతనే అనంతగిరి వ్యూపాయింట్ దగ్గర నీళ్ల సీసా లోయలోకి విసిరి, బుట్ట పెట్టని సర్కారును తిడతాడు. ఒకే చెయ్యి, ఒకే సీసా. మారింది పాస్‌పోర్టు మీద ముద్ర మాత్రమే. పైగా మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. ఆ నీళ్లే గండిపేట చెరువులోకి, అక్కడి నుంచి హైదరాబాద్ నగరానికి చేరతాయి. విసిరినవాడి ఇంటి కుళాయి దాకా దారి ఉందన్నమాట.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. విదేశంలో తప్పు జరిగితే జేబు పోతుంది, ఇక్కడ ప్రాణం పోతుంది; రెండూ ఒకటేనా? కావు. 2025 నవంబర్ 3న తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్ ఢీకొంది. పందొమ్మిది మంది చనిపోయారు. దాన్ని ఎవరూ అనుభవమనలేరు, అనకూడదు. కానీ ఆ దుర్ఘటనకు కూడా “ఈ దేశం ఇంతే” అన్నదే జవాబైతే లాభపడేది ఎవరు? అదే దారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు పని, మర్రిచెట్లు కొట్టాలా వద్దా అన్న వివాదంలో ఏళ్లకేళ్లు నలిగింది. చెట్లూ బతికి, మనుషులూ బతికే దారి వేయడం ఫలానా శాఖ పని, ఫలానా కాంట్రాక్టరు పని, టిప్పర్ల వేగానికి పగ్గం వేయడం ఫలానా అధికారి పని. తిట్టు దేశం మీదికి మళ్లించిన క్షణాన వీళ్లంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. దేశానికి నోటీసు పంపే చిరునామా లేదు మరి.

అక్కడ ప్రయాణికుడికి హక్కులున్నాయి కదా అంటారు. నిజమే, యూరప్‌లో రైలు గంట దాటి ఆలస్యమైతే టికెట్ ధరలో పాతిక శాతం, రెండు గంటలు దాటితే సగం తిరిగిస్తారు. ఆ పాతిక శాతం కోసం మనవాళ్లు హోటల్ గదిలో అర్ధరాత్రి దాకా ఫారాలు నింపుతారు. ఇక్కడా రిజర్వేషన్ రైలు ఎక్కాల్సిన స్టేషన్లో మూడు గంటలకు మించి ఆలస్యమైతే, ప్రయాణం మానుకుని, రైలు కదిలేలోపు టికెట్ డబ్బు కోసం టీడీఆర్ అనే దరఖాస్తు దాఖలు చేస్తే పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. ఫిర్యాదుకు రైల్వే హెల్ప్‌లైన్ 139 ఉంది. మనకున్న హక్కులు తక్కువే కావచ్చు. ఉన్న కొద్దిపాటివీ వాడకుండా పరాయి హక్కులను పొగుడుతూ కూర్చుంటే అవి పెరగవు.

కాబట్టి విదేశీ ముచ్చట్లు మానేయమని ఎవరూ అనడం లేదు. అక్కడ జరిమానా కట్టిన ఓర్పునూ, అరటితొక్క మోసిన సిగ్గునూ, ఫారం నింపిన పట్టుదలనూ శంషాబాద్ విమానాశ్రయంలో దిగగానే వదిలేయకండి. ఈసారి తాండూరు బండి ఆలస్యమైతే దేశాన్ని తిట్టకండి, 139కి ఫోన్ చేయండి. రోడ్డు గుంతలు పడితే ఏ శాఖదో కనుక్కుని, ఆ శాఖ పేరు పెట్టి అర్జీ రాయండి.