విల్లు ఎక్కుపెట్టిన మాస్టార్లు

స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే గది ఏ ఊళ్లో ఉన్నా గోడకు ఒక చార్టు ఉండి తీరుతుంది. అడ్డం మూడు, నిలువు నాలుగు, వెరసి పన్నెండు గడులు. ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్. ఒక్కోదానికి సింపుల్, కంటిన్యుయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యుయస్. ఈ పన్నెండూ కంఠతా వస్తే ఇక ఇంగ్లీషు వచ్చేసినట్టేనని మాస్టారి హామీ. అమీర్‌పేటలో కట్టే ఫీజులో సగం ఆ హామీకే.

ఆ చార్టులో ఫ్యూచర్ వరసంతా విల్లులే. "ఫ్యూచర్ వస్తే విల్ పెట్టు. ఐ, వి ముందుంటే షల్ పెట్టు. కళ్లు మూసుకుని రాసెయ్." కళ్లు మూసుకోమనడంలోనే ఉంది కిటుకంతా. తెరిస్తే ఇంగ్లీషువాడు రేపటి సంగతులు ఎన్ని రకాలుగా చెబుతున్నాడో కనబడిపోతుంది మరి.

రేపు ఆరింటికి రైలుందనుకోండి. 'ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో' అంటాడు. విల్ లేదు, అచ్చమైన సింపుల్ ప్రెజెంట్. టైంటేబుల్లో అచ్చయిపోయిన సంగతికి మళ్లీ జోస్యం దేనికని వాడి ఉద్దేశం. సోమవారం డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నాడు, 'ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ ఆన్ మండే' అంటాడు. మబ్బు పట్టింది, 'ఇట్స్ గోయింగ్ టు రెయిన్' అంటాడు. కాలింగ్ బెల్ మోగింది, లేస్తూ లేస్తూ 'ఐ విల్ గెట్ ఇట్' అంటాడు. అప్పటికప్పుడు అనుకున్న పనికి, ఇచ్చిన మాటకు, ఊహకు విల్. ముందే కుదుర్చుకున్నదానికి ఒకటి, కళ్లెదుట సూచన కనబడుతున్నదానికి ఇంకొకటి. సంగతి ఎప్పుడు జరుగుతుందన్నది అన్నిటిలోనూ ఒకటే, 'ఇంకా జరగలేదు' అని. తేడా అంతా దాన్ని ఎవరు, ఎప్పుడు తేల్చారన్న దగ్గరే ఉంది. చార్టులో ఆ ఊసే లేదు.

అసలు తమాషా 'ఇఫ్' దగ్గర. రేపు వాన పడితే అని చెప్పాలంటే 'ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో' అనాలి. సాక్షాత్తూ రేపు అన్న మాటే వాక్యంలో కూర్చుని ఉంది, అయినా వాన జోస్యానికి అక్కడ విల్ నిషిద్ధం. ఇంకో అడుగు వేస్తే 'ఇట్స్ టైమ్ వి లెఫ్ట్' ఉంది. మనం ఇంకా కుర్చీలోంచి లేవనే లేదు, వాడి క్రియ మాత్రం భూతకాలంలోకి వెళ్లిపోయింది. ఈ వాక్యాన్ని ఏ గడిలో పెడతారో అడగండి. "అది ఎక్సెప్షన్" అంటారు. ఇంగ్లీషులో ఎక్సెప్షన్లన్నీ ఏరి ఒకచోట పోస్తే దాన్ని ఇంగ్లీషే అంటారు.

పోనీ, విల్, షల్ ఉన్నచోటల్లా భవిష్యత్తేనా? తలుపు చప్పుడైతే 'దట్ విల్ బి ద పోస్ట్‌మన్' అంటాడు. పోస్ట్‌మన్ రేపు రాడు, ఇప్పుడే గుమ్మంలో ఉన్నాడు. 'ఆయిల్ విల్ ఫ్లోట్ ఆన్ వాటర్' అంటే నూనె ఇప్పటిదాకా మునుగుతోందని, వచ్చే నెల నుంచి తేలబోతోందని కాదుకదా. మన రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఇండియా 'షల్ బి' రాష్ట్రాల యూనియన్ అని ఉంది. చార్టు ప్రకారం చదివితే ఆ శుభకార్యం ఇంకా జరగలేదు, ముహూర్తం చూస్తున్నారు.

భాషా పండితులు ఈ గోల ఎప్పుడో తేల్చేశారు. డెన్మార్కులో ఉండి ఇంగ్లీషువాళ్లకే ఇంగ్లీషు వ్యాకరణం రాసిపెట్టిన యెస్పర్సన్ 1924లోనే ఇంగ్లీషుకు ఫ్యూచర్ టెన్స్ అంటూ లేదన్నాడు. 1985లో క్వర్క్ బృందం అదే మాట అంది. 2002లో హడిల్‌స్టన్, పులమ్ కలిసి పద్దెనిమిది వందల పేజీలు దాటిన కేంబ్రిడ్జి వ్యాకరణం వేసి మరీ చెప్పారు. క్రియ తన రూపం మార్చుకుని చూపించేవి ప్రెజెంట్, పాస్ట్ రెండే. విల్ అనేది క్యాన్, మే, మస్ట్‌ల పక్కన కూర్చోవలసిన సహాయక క్రియ, అంతే. విల్ ఉందని ఫ్యూచర్ టెన్స్ అంటే, మస్ట్ ఉందని తప్పనిసరి టెన్స్, మే ఉందని బహుశా టెన్స్ కూడా పెట్టుకోవాలి. ఈ మాట బయట అనకూడదేమో, రేపటికల్లా ఎవరో ఇరవై గడుల చార్టు అచ్చేసి అమ్ముతారు.

ఈ విల్, షల్ పంపకం పెట్టినవాడి కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఆయన పేరు జాన్ వాలిస్, వృత్తి గణితం. అనంతానికి మనం వాడే పడుకోబెట్టిన ఎనిమిది గుర్తు 1655లో ఆయన పుస్తకంలోనే మొదట కనబడింది. దానికి రెండేళ్ల ముందు, 1653లో, పరదేశీయుల కోసం ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు. రాసింది ఏ భాషలో? లాటిన్‌లో. నేను, మేము అన్నప్పుడు షల్ అంటే ఉట్టి జోస్యం, విల్ అంటే మాట ఇవ్వడమో బెదిరించడమో. నువ్వు, వాడు అన్నప్పుడు అంతా తిరగేసుకోవాలి అన్నాడు. 1762లో రాబర్ట్ లౌత్ దాన్ని భద్రంగా అందుకున్నాడు, తర్వాత లండన్ బిషప్ అయ్యాడు. 1795లో లిండ్లీ మర్రే తన వ్యాకరణంలో దాన్నే బడిపిల్లల నెత్తిన పెట్టాడు. నీళ్లలో పడ్డ స్కాట్లండువాడు 'ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మి' అని అరిస్తే, "చస్తానంటున్నాడు, ఎవరూ రక్షించొద్దని ఆజ్ఞ కూడా వేశాడు" అని గట్టుమీది ఇంగ్లీషు పెద్దమనుషులు టోపీలు సర్దుకుని వెళ్లిపోయారని ఒక జోకు పుట్టింది. స్కాట్లండువాడి మీద వేశామనుకున్నారు గానీ అది గట్టుమీదివాళ్ల మీదే పడింది.

1906లో ఫౌలర్ సోదరులు ఈ రెండు మాటల మీద పేజీలకు పేజీలు రాసి, దక్షిణ ఇంగ్లండులో పుట్టినవాడికి ఇది పుట్టుకతో వస్తుందని, మిగతావాళ్లకు ఈ అధ్యాయం ఉపయోగపడకపోవచ్చని వాళ్లే ఒప్పుకున్నారు. పుట్టినవాడికి అక్కర్లేదు, పుట్టనివాడికి అందదు. మరి ఎవరికోసమండీ ఆ అధ్యాయం? 1925లో చార్లెస్ ఫ్రైస్ అనే అమెరికన్ పాత నాటకాల సంభాషణలు ముందేసుకుని లెక్కపెడితే 'ఐ' పక్కన షల్ కంటే విల్లే ఎక్కువ తేలింది. ఆ లెక్క తేలాకే, 1930లలో, మన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం వచ్చింది. షల్లు మళ్లీ కొలువు దీరింది. ఆ రెన్ గారు ఫ్రెంచి సైన్యం మీద సాహస నవలలు రాసినవాడు. వాటిలో 'బో జెస్ట్' సినిమాగా కూడా వచ్చింది. కల్పన రాయడంలో ఆయన చెయ్యి తిరిగిందని వేరే చెప్పాలా?

ఇక పన్నెండో గడి, ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్. బతికున్న మనిషి నోట ఇది వినబడటం తోకచుక్క కనబడటం లాంటిది. పరీక్షలో మాత్రం ఏటా వస్తుంది. దీనికి ప్యాసివ్ చెయ్యకూడదని ఒక సూత్రం కూడా ఉంది. అదే అన్యాయం. 1981లో శంకుస్థాపన జరిగిన పోలవరం ప్రాజెక్టును ఉన్నదున్నట్టు వర్ణించగల రూపం ఇంగ్లీషు మొత్తంలో 'విల్ హావ్ బీన్ బీయింగ్ బిల్ట్' ఒక్కటే. సరిగ్గా మనకు పనికొచ్చేదాన్నే నిషేధించారు.

చార్టుతో జోకులేసి ఊరుకుందును, పిల్లల మార్కుల జోలికి రాకుండా ఉంటే. మా తమ్ముడి కూతురు ఆరో తరగతి. వాళ్లమ్మమ్మ రేపు వస్తోందన్న సంబరంలో 'మై గ్రాండ్‌మదర్ ఈజ్ కమింగ్ టుమారో' అని రాసింది. లండన్‌లో పుట్టిన పిల్ల రాసినా అలాగే రాస్తుంది. టీచరమ్మ 'ఈజ్ కమింగ్' మీద ఎర్ర గీత కొట్టి, పైన 'విల్ కమ్' అని రాసి, ఒక మార్కు కోశారు. "అలా కూడా అనొచ్చు కదండీ?" అని మా మరదలు మెల్లిగా అడిగితే, "రేపు అని ఉంది కదమ్మా, ప్రెజెంట్ ఎలా వస్తుంది?" అన్నారట. అదే పిల్ల స్కూలు డైరీలో నాలుగు పేజీలు తిప్పితే ప్రిన్సిపాల్ సంతకంతో సర్క్యులర్ అంటించి ఉంది. 'స్కూల్ రీఓపెన్స్ ఆన్ 12 జూన్' అని, సింపుల్ ప్రెజెంట్‌లో! ప్రిన్సిపాల్‌కు ఎవరూ మార్కు కొయ్యలేదు.

ఆ పిల్లకు ఆ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం కష్టమేమీ కాదు. ఇంట్లో విన్న తెలుగులోంచి వచ్చింది. "అమ్మమ్మ రేపు వస్తోంది" అనే కదా వాళ్లింట్లో అందరూ అన్నది. మన భాషలో రోజూ వస్తానన్నా రేపు వస్తానన్నా క్రియ ఒక్కటే. ఇంకా ఇల్లు కదలని ఏసీ మెకానిక్ ఫోన్లో "వచ్చేశాను సార్, అయిదు నిమిషాలు" అంటాడు. భూతకాలంలో చెప్పిన భవిష్యత్తు అది, ఒక్కోసారి సాయంత్రం దాకా భవిష్యత్తుగానే ఉంటుంది. విన్నవాళ్లలో ఒక్కరూ టెన్స్ తప్పిందని అనరు. ఇంత సుళువుగా కాలాల్ని తిప్పగలిగిన పిల్లల్ని తెచ్చి గడుల్లో కుదేసి, రెండేళ్లయ్యాక "మావాడికి గ్రామరంతా వచ్చుగానీ నోరు పెగలదండీ" అని మళ్లీ అదే అమీర్‌పేటకు పంపుతున్నాం.

టీచరమ్మలకు, మాస్టార్లకు నాదొక మనవి. చార్టు దించమంటే దించరు, డబ్బు పోసి కొన్నది. దించకపోయినా ఫరవాలేదు. రేపటి గురించి పిల్లవాడు విల్ లేకుండా రాసినప్పుడు ఎర్రపెన్ను తియ్యబోయే ముందు రైల్వే టైంటేబులో, మీ బడి సర్క్యులరో ఒక్కసారి చూడండి. అక్కడ చెల్లుతున్నది ఆరో తరగతి నోట్సులోనూ చెల్లుతుంది. కోసిన ఆ మార్కు తిరిగి వెయ్యండి.