వీపు సంచి ఆత్మకథ

నేను యాభై లీటర్ల వీపు సంచిని. మొదట కొన్నాయన ఒక్క ప్రయాణంతో సరిపెట్టి మంచం కిందకి తోసేశాడు. తర్వాత క్యారోసెల్ యాప్‌లో అమ్మకానికి పెడితే, సింగపూర్ యీషున్ ఎమ్మార్టీ స్టేషన్ దగ్గర మా నర్సమ్మ చేతికొచ్చాను. ఆమెది ఏలూరు. కొత్త సంచి ఖరీదులో సగం కూడా పెట్టలేదు.

ఎవరెస్టు బేస్ క్యాంపు దాకా నడవాలని ఆమె కోరిక. అది 5,364 మీటర్ల ఎత్తున ఉంది. సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తయిన బుకిట్ తిమా కొండేమో 164 మీటర్లు. అందుకే డ్యూటీ దిగి రాగానే, ముస్తఫా దుకాణంలో కొన్న అయిదు కిలోల సోనామసూరి బస్తాను నాలో కూరి, తను ఉండే హెచ్‌డీబీ ఫ్లాట్ల బ్లాకు మెట్లెక్కేది. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడకుండా లిఫ్టులో వచ్చేది. ఆమె చెమటకి నా పట్టీలు తెల్లగా ఉప్పు తేలేవి. 1998లో ఎవరెస్టెక్కిన సింగపూర్ జట్టు కూడా ఇలా ఫ్లాట్ల మెట్ల మీద సాధన చేసింది.

సెలవు దొరికితే పాత రైలు దారికి వెళ్లేవాళ్లం. 2011 జూన్ 30తో తంజోంగ్ పగార్ స్టేషన్ మూతపడ్డాక పట్టాలు తీసేశారు. ఆ 24 కిలోమీటర్ల బాట ఇప్పుడు నడిచేవాళ్లది. టికెట్ లేదు. కుళాయి నీళ్లు, నా పై అరలో పులిహోర డబ్బా, అంతే ఖర్చు.

జీతం పడిన రోజే ఇంటికి పంపాల్సింది పంపేసి, నడక డబ్బు వేరే ఖాతాలో వేసేది. మిగిలినదాంతోనే నెల గడవాలి. అలా డబ్బు కూడింది. సెలవులే కూడలేదు. ఇక్కడి చట్టం ప్రకారం మొదటి ఏడాది ఇచ్చి తీరాల్సిన వార్షిక సెలవు 7 రోజులే. ఏటా ఒక్కోటి పెరిగి 14 దగ్గర ఆగుతుంది. నడక మొదలయ్యే లుక్లా నుంచి బేస్ క్యాంపుకి వెళ్లి రావడానికే పన్నెండు రోజులు పడుతుంది.

అందుకని పండగ రోజుల్లో తనే అడిగి డ్యూటీ వేయించుకునేది. అదనపు జీతం వద్దు, బదులు సెలవు ఇవ్వమనేది.

"దీపావళికి కూడా డ్యూటీయేనా, అమ్మడూ?" అని వాళ్లమ్మ ఫోన్లో నొచ్చుకుంది.

"సెలవు దాచుకుంటున్నానమ్మా."

ఆ పండగలన్నీ కలిస్తేనే మేం బేస్ క్యాంపుకి ముందు మజిలీ గోరక్‌షెప్ చేరాం. అక్కడ రాత్రి నా పక్క జేబులో నీళ్ల సీసా గడ్డకట్టింది. మర్నాడు బేస్ క్యాంపు రాళ్ల మీద నన్ను దించి, నాకు ఆనుకుని కూర్చుని వాళ్లమ్మకి వీడియో తీసింది.

మీకూ అలాంటి నడక మనసులో ఉంటే, ముందు సెలవు అడిగి రాయించుకోండి. విమానం టికెట్ తర్వాత కొనుక్కోవచ్చు.