ఒత్తు విడిపోని ఇత్తడి: ఒక బేగం బజార్ డెస్క్‌టాప్ కథ

బేగం బజార్‌లోని ఒక ఇత్తడి, స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో, గల్లా పక్కన ఉన్న డెస్క్‌టాప్ కథ ఇది. యంత్రంలో ఇంటెల్ ఐ5-3470 ప్రాసెసర్ ఉంది. 2012లో మార్కెట్‌లోకి వచ్చిన రకం, నాలుగు కోర్లు. ర్యామ్ 8 జీబీ. ఏదో ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ సరుకుగా చేతులు మారి ఇక్కడికి చేరింది. అప్పట్లో దానిలో నడిచింది ఉబుంటు 22.04 ఆపరేటింగ్ సిస్టమ్.

దుకాణంలో బిల్లులు కొట్టడం యంత్రానికి చిన్న పని. పెద్ద పని వీడియోలు. ఈ బజారులో బిందెలు, గంగాళాలు, తాంబాళాలు తూకం మీద అమ్ముతారు, కిలో ధర నిలకడగా ఉండదు. జిల్లాల్లో కొనే వ్యాపారులకు సరుకు చూపే చిన్న చిన్న వీడియోలు వాట్సాప్‌లో వెళ్తాయి. ప్రతి వీడియో మీదా సరుకు పేరు, ఆనాటి ధర తెలుగులో పడాలి. ఈ పనికి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. 2000లో ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ వీడియోను విప్పగలదు, కుదించగలదు, దాని మీద అక్షరాలు రాయగలదు. అక్షరాలు రాసే భాగం పేరు డ్రాటెక్స్ట్. ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో ధర మారిస్తే చాలు, తర్వాత తయారయ్యే వీడియోల మీద కొత్త ధర పడుతుంది.

ధర సరిగానే పడింది, పేరే విరిగిపోయింది. ‘ఇత్తడి’ అని ఇస్తే తెర మీద మొదటి తకారానికి పొల్లు, దాని పక్కన మరో నిండు త కనిపించాయి. గుడి డకారం మీద సరిగా కూర్చోలేదు. కంప్యూటర్ లోపల ఈ మాట ఇ, త, పొల్లు, త, డ, గుడి అనే వరసలో ఉంటుంది. రెండో తకారాన్ని ఒత్తుగా మార్చాలని, గుడిని డకారంతో కలపాలని చెప్పే నియమాలు ఫాంటులో ఉంటాయి. వాటిని చదివి అమలు చేసే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. ఫ్రీటైప్ అనే మరో లైబ్రరీకి ఒక్కో అక్షరం బొమ్మ గీయడం మాత్రమే తెలుసు. ఉబుంటు 22.04తో వచ్చిన ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ 4.4లో డ్రాటెక్స్ట్‌కు ఫ్రీటైప్ ఉంది, హార్ఫ్‌బజ్ లేదు. ఇంగ్లిషుకు ఆ లోటు కనిపించదు. తెలుగుకు అక్షరమే తప్పుతుంది, తప్పు తెలుగులో పడిన సరుకు పేరును కొనేవాళ్లు ఎందుకు భరించాలి? సబ్‌టైటిల్ ఫైలు రాసి లిబాస్ అనే లైబ్రరీ ద్వారా అక్షరాలు వేయించే దారి అప్పటికే ఉంది, అందులో ఒత్తులు సరిగ్గానే వస్తాయి. కానీ తరచూ మారే ఒక్క అంకె కోసం ప్రతిసారీ సబ్‌టైటిల్ ఫైలు తయారు చేయడం దుకాణం పని వేగానికి సరిపోదు.

2023 చివర్లో విడుదలైన 6.1 వెర్షన్‌లో డ్రాటెక్స్ట్‌కు హార్ఫ్‌బజ్ జోడించారు. 22.04 ప్యాకేజీల్లో అది రాదు కాబట్టి సోర్స్ కోడ్ తెచ్చి యంత్రంలోనే కంపైల్ చేయాల్సి వచ్చింది.

ముందు యంత్రాన్ని తెరిచి శుభ్రం చేశారు. పక్క దుకాణాల మిర్చి, పసుపు బస్తాల దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్‌లో పేరుకుపోతే, కంపైల్ చేసేటప్పుడు వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. తర్వాత కంపైల్ చేయడానికి కావలసిన జీసీసీ, మేక్, ప్యాకేజ్-కాన్ఫిగ్, నాజ్మ్ ఎక్కించారు. నాజ్మ్‌ను వదిలేయడం పొరపాటు. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో వేగం అవసరమైన భాగాలను ప్రాసెసర్ భాషలోనే చేత్తో రాశారు, వాటిని అనువదించేది నాజ్మ్. అది లేకుండా కట్టిన ప్రోగ్రామ్ పనిచేస్తుంది గానీ నత్తనడక నడుస్తుంది.

వీడియోను కుదించే ఎక్స్264తో పాటు ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్, ఫ్రిబిడి లైబ్రరీలను మాత్రం ఉబుంటు ప్యాకేజీల నుంచే తీసుకున్నారు. అన్నిటినీ సోర్స్ నుంచే కట్టాలన్న పట్టుదల అక్కర్లేదు, ఏది పాతబడి అడ్డుపడుతోందో దాన్ని కడితే చాలు. అయితే పేరు చివర ‘డెవ్’ అని ఉన్న ప్యాకేజీలే తీసుకోవాలి. మామూలు ప్యాకేజీలో నడిచే లైబ్రరీ ఉంటుంది, దాన్ని ఎలా పిలవాలో కంపైలర్‌కు చెప్పే హెడర్ ఫైళ్లు డెవ్ ప్యాకేజీలో ఉంటాయి. ఫ్రిబిడిని ఉర్దూ కోసం చేర్చారు. ఈ బజారులో ఉర్దూలో పేర్లు అడిగేవాళ్లూ ఉన్నారు, ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది.

ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ సైటు నుంచి సోర్స్‌తో పాటు సంతకం ఫైలు కూడా దించి, రెండూ సరిపోలాయని చూశాకే విప్పారు. తర్వాతి మెట్టు కాన్ఫిగర్. లారీ నుంచి సరుకు దించకముందే బిల్లుతో సరిచూసుకునే మునీమ్‌లాగా, కంపైలర్ ఉందా, అడిగిన లైబ్రరీలు ఉన్నాయా, ప్రాసెసర్ ఏ రకం అని ఈ స్క్రిప్టు ఒక్కొక్కటే పరీక్షిస్తుంది. ఎక్స్264 జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి జీపీఎల్‌ను అంగీకరిస్తున్నట్టు విడిగా ఒక ఆప్షన్ ఇవ్వాలి, లేదంటే కాన్ఫిగర్ ఆగిపోతుంది.

అడిగిన లైబ్రరీ దొరకకపోతే ఎర్రర్ వస్తుంది. కారణం కాన్ఫిగ్ లాగ్ చివరి వరసల్లో రాసి ఉంటుంది. అసలు అడగకపోవడమే ప్రమాదం. పాత సూచనలు చూసి ఫ్రీటైప్ ఒక్కటే అడిగితే 6.1లో ఏ ఎర్రరూ రాదు. డ్రాటెక్స్ట్‌ను నిశ్శబ్దంగా పక్కన పెట్టి మిగతాదంతా కట్టేస్తుంది. తీరా వీడియో చేయబోతే అలాంటి ఫిల్టరే లేదంటుంది. అందుకే కాన్ఫిగర్ ముగిశాక అది అచ్చువేసే ఫిల్టర్ల జాబితాలో డ్రాటెక్స్ట్ పేరు ఉందో లేదో అప్పుడే చూడాలి. ఈ దుకాణంలో చూశారు, ఉంది.

ఆ తర్వాతిది మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ ప్రోగ్రామ్ వారసత్వమే ఇప్పటి జీఎన్‌యూ మేక్‌ది కూడా. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో చూసి, మారినవాటినే మళ్లీ కంపైల్ చేయడం దాని తీరు. నాలుగు కోర్లకు నాలుగు పనులు ఒకేసారి అప్పగించారు. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగింది, బిల్లుల ప్రోగ్రామ్ మందగించింది. ఇలాంటి పనిని బేరాల వేళ కాకుండా షట్టర్ దించబోయే వేళకు పెట్టుకోవడం మంచిది.

మేక్ ఇన్‌స్టాల్ కొత్త ప్రోగ్రామ్‌ను యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో పెట్టింది. ఉబుంటు తెచ్చిన 4.4 తన చోట తాను ఉంది. దాన్ని తీసేయకూడదు, వీఎల్‌సీ లాంటి ప్రోగ్రామ్‌లు దాని లైబ్రరీల మీదే నడుస్తాయి. ఆదేశం ఇచ్చినప్పుడు ఉబుంటు లోకల్ ఫోల్డర్‌నే ముందు వెతుకుతుంది కాబట్టి కొత్తదే పలుకుతుంది. వెర్షన్ అడిగితే మొదటి వరసల్లో ఏ ఆప్షన్లతో కట్టారో కూడా చెబుతుంది. లోహిత్ తెలుగు ఫాంటు దారి చూపి ‘ఇత్తడి బిందె’ అని రాయిస్తే తకారం కింద తవత్తు, డకారం మీద గుడి సరిగ్గా వచ్చాయి.

సోర్స్ నుంచి కట్టినదానికి ఉబుంటు అప్‌డేట్లు అందవు. భద్రతా లోపం బయటపడితే కొత్త సోర్స్ తెచ్చి మళ్లీ కట్టాలి. తెలియని చోటి నుంచి వచ్చే వీడియోలను తెరిచే ప్రోగ్రామ్‌కు ఇది చిన్న విషయం కాదు. అందుకే సోర్స్ ఫోల్డర్‌ను, ఇచ్చిన ఆప్షన్లను దాచి ఉంచారు. ఉబుంటు 24.04లో ప్యాకేజీగానే 6.1.1 వచ్చింది, హార్ఫ్‌బజ్‌తో సహా. యంత్రాన్ని ఆ వెర్షన్‌కు మార్చినప్పుడు, అదే సోర్స్ ఫోల్డర్‌లో మేక్ అన్‌ఇన్‌స్టాల్ నడిపి చేత్తో కట్టినదాన్ని తీసేశారు.