కంపెనీ గుర్తు

దివిసీమలో రైలు పట్టాలు లేవు. రైలెక్కాలంటే బందరైనా పోవాలి, పులిగడ్డ–పెనుమూడి వంతెన దాటి రేపల్లె అయినా చేరాలి. అలాంటిది నాగాయలంకలో వాచీలు బాగుచేసే కొట్టు బల్లమీదికి ఓ సాయంత్రం రైలింజనే వచ్చి కూర్చుంది. జానెడు పొడవు, రేకుది, తాళం తిప్పితే నడిచేది. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1920లో మొదలుపెట్టిన బొమ్మ రైళ్ల కోవలోది. అది నడిచే పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు.

తెచ్చినాయన అమెరికాలో ఉంటాడు, పాత బొమ్మ రైళ్లు సేకరిస్తాడు.

"మా తాతగారు మద్రాసులో కొన్నారు. 77 ఉప్పెనలో తడిస్తే ఇక్కడే ఎవరిచేతో బాగుచేయించారట. మళ్లీ ఆగిపోయింది."

మెకానిక్ ముందు స్ప్రింగు బిగువు మెల్లగా వదిలించాడు. అది చూసుకోకుండా విప్పితే కొరడాలా ఎగిరి వేళ్లు కోసేస్తుంది. పళ్లచక్రాల సందుల్లో పాత గ్రీజు జిగురై గడ్డకట్టింది. వాటిని కిరసనాయిల్లో నానేసి కుంచెతో కడిగాడు. పైరేకు మీద మాత్రం చుక్క పడనివ్వలేదు, రంగు లేచిపోతుందని. ఇరుసులు తిరిగే చిల్లుల్లో సూదిమొనతో వాచీనూనె అద్దాడు. వెనక చక్రం నెర్రెలిచ్చింది. జింకు పోతలో సీసం కలిస్తే ఏళ్లు గడిచాక లోపల్నుంచే పగులుతుంది, అతుకు నిలవదు. గుడివాడలో లేత్ మీద ఇత్తడి చక్రం చేయించాడు.

"పైన కొత్త రంగు వేయకూడదా?"

"వద్దు బాబుగారూ. ఆ మాసిన రంగే దాని వయసు. అది పోతే మీ తాతగారి రైలు ఎలా అవుతుంది?"

ఆ మాట అనగలిగేవాడే అసలైన పనివాడు. సొంత పనితనం కనపడకుండా దాచుకోవడానికి చాలా పెద్ద మనసు కావాలి.

మోటారు రేకు లోపలివైపు సూదితో గీసిన సన్నటి గీత ఒకటి ఉంది. ఆయన కళ్లు మెరిశాయి.

"ఇది కంపెనీ గుర్తా?"

"కాదండీ. అప్పట్లో బాగుచేసినవాళ్లు పెట్టుకున్నది."

తాళం తిప్పగానే ఇంజను బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు గలగలా పరుగెత్తింది. కూలి మూడు వేలని మాట. ఆయన వెయ్యి చేతిలో పెట్టాడు.

"మిగతాది హైదరాబాదు వెళ్లగానే ఫోన్‌పే చేయిస్తాలెండి. మా వంశంలో ఎవరి సొమ్మూ ఉంచుకోం."

"అలాగే బాబుగారూ. ఒక్క నిమిషం, స్క్రూ ఒకటి చూసి ఇస్తాను."

మెకానిక్ లోపలికి తిరిగి ఇంజను విప్పాడు. మళ్లీ బిగించి, గుడ్డతో తుడిచి, రెండు చేతులా అందించాడు.

సంక్రాంతి పోయింది, ఉగాదీ పోయింది. డబ్బు రాలేదు కానీ అమెరికా నుంచి ఫోనొచ్చింది.

"మంచి బేరం తగిలిందండీ. కొనేవాడు ఇంజను విప్పి చూసి, లోపల రెండు గీతలున్నాయి, వాటి కథేంటో చెబితే ఇంకా ఎక్కువిస్తానంటున్నాడు. ఒకటే కదా ఉండాలి?"

"మొదటిది మా నాన్న గీశాడు బాబుగారూ, మీ తాతగారి దగ్గర కూలి రాలేదని. రెండోది నేను గీశాను."