ఆటకు ఫైలు రెడీ

మందుల కంపెనీలో క్వాలిటీ అష్యూరెన్స్ చూసేవాడికి పిల్లనిచ్చే ముందు పదిమందిని అడిగి ఇవ్వండని మా ఆవిడ పెళ్లిళ్లలో కనబడ్డ ప్రతి తల్లికీ చెబుతుంటుంది. ఆమె బాధ ఉత్తది కాదు. మా శాఖలో అందరికీ కంఠతా వచ్చే సూత్రం ఒక్కటే: రాయనిది జరగనట్టే. ట్యాంకు కడిగారా అని మేం అడగం, కడిగినట్టు సంతకం ఏదని అడుగుతాం. మేడ్చల్‌లో ఇల్లు, శామీర్‌పేట దాటాక తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం. ఈ రెంటి మధ్య ఔటర్ రింగ్ రోడ్డు మీద గడిపే కాసేపు తప్ప మిగతా బతుకంతా చెక్‌లిస్టే. పెళ్లిచూపులకు కూడా ప్రశ్నల షీటు పట్టుకొచ్చానని ఆమె అంటుంది. అది పచ్చి అబద్ధం. షీటు మా అన్న జేబులో ఉంది.

ఇలాంటివాడికి రిటైర్మెంటు లెక్కలు వేసుకోవాల్సిన వయసులో ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడాలని బుద్ధి పుట్టింది. ఆ పాపం కూడా ఆఫీసుదే. కోవిడ్ రోజుల్లో మా జీనోమ్ వ్యాలీలో ఒక పక్క కోవాగ్జిన్ తయారవుతుంటే, ఇంకో పక్క మా క్యాంటీన్‌లో టీ తాగే ప్రతివాడూ అంటువ్యాధుల నిపుణుడైపోయాడు. అక్కడే విన్నాను ‘కరప్టెడ్ బ్లడ్’ కథ.

2005 సెప్టెంబరులో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే గేమ్‌లోకి హక్కర్ అనే కొత్త రాక్షసుణ్ని దింపారు. తనతో యుద్ధానికి వచ్చినవాళ్లకు వాడు ఒక రక్తపు జబ్బు అంటిస్తాడు. అది పక్కవాడికి, వాడి నుంచి వాడి పక్కవాడికి పాకుతుంది. లెక్క ప్రకారం ఆ జబ్బు వాడి గుడి దాటి బయటికి రాకూడదు. కానీ ఆటగాళ్ల పెంపుడు జంతువులకు అంటింది. యుద్ధం మధ్యలో జంతువును మాయం చేసి, నగరంలోకి వెళ్లాక మళ్లీ పిలిస్తే అది జబ్బుతో సహా ప్రత్యక్షమైంది. నగరంలోని దుకాణదారులు కంప్యూటర్ బొమ్మలు కాబట్టి చావరు, కానీ జబ్బు మోస్తారు. కొత్తగా చేరిన చిన్న లెవెల్ ఆటగాళ్లు వాళ్ల దగ్గర సరుకులు కొనబోయి క్షణాల్లో ప్రాణాలు విడిచారు. వీధుల నిండా ఎముకలే. కొందరు వైద్యం చేయడానికి పరుగెత్తారు, కొందరు అడవుల్లోకి పారిపోయారు, కొందరు మహానుభావులు కావాలనే జబ్బు తగిలించుకుని జనంలోకి వచ్చారు. కంపెనీవాళ్లు క్వారంటైన్ పెట్టబోతే ఎవరూ వినలేదు. చివరికి సర్వర్లు రీసెట్ చేయాల్సి వచ్చింది. 2007లో ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని మీద ‘లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్’లో వ్యాసమే రాశారు.

అందరూ ఇది విని నవ్వుకున్నారు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. ఒక లోకం లోకమంతా డీవియేషన్‌లో, అంటే పద్ధతి తప్పి ఉంటే, దానికి ఒక్క రిపోర్టు రాసే నాథుడు లేకపోయాడే అనిపించింది. అలాంటి లోకాలకు నా అవసరం ఉందనుకున్నాను.

తీరా చేరదామనుకున్నది ఆ గేమ్‌లో కాదు, ‘ఫైనల్ ఫాంటసీ 14’లో. దాని చరిత్ర చదివాక ఇక వేరేది కంటికి ఆనలేదు. స్క్వేర్ ఎనిక్స్ అనే జపాన్ కంపెనీ 2010లో దాన్ని విడుదల చేస్తే జనం ఛీ అన్నారు. వాళ్లు బుకాయించలేదు. నెలవారీ రుసుము తీసుకోవడం ఆపేసి, నవోకి యోషిడా అనే ఆయనకు బాధ్యత అప్పజెప్పి, పాతదాన్ని నడుపుతూనే పక్కన కొత్తది కట్టారు. 2012 నవంబరులో పాత లోకం మీద ఏకంగా చంద్రుణ్ని కూల్చి మూసేశారు. 2013 ఆగస్టులో కొత్తది తెరిచారు. మా భాషలో చెప్పాలంటే మార్కెట్‌కు పోయిన బ్యాచ్‌ను వెనక్కి పిలిపించి, మూలకారణం పట్టుకుని, మళ్లీ తయారు చేశారన్నమాట. ఇంత పద్ధతైన కంపెనీ గేమ్‌ను పద్ధతి లేకుండా మొదలుపెట్టడానికి నాకు చేతులాడలేదు. పైగా డెబ్బయ్యో లెవెల్ దాకా ఫ్రీ ట్రయల్, దానికి గడువు కూడా లేదు. గడువు లేదన్నది నా పాలిట ఎంత ప్రమాదమో అప్పుడు తట్టలేదు.

ఫైలు తెరిచాను. మొదటి భాగం ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్. గది: బియ్యం డ్రమ్ములుండే వెనక గది. కుర్చీ: నడుము డాక్టరు చెప్పిన ఎత్తు. ఇన్వర్టర్: కంప్యూటరు, రూటరు, ఒక ఫ్యాను మోస్తుంది, దాంతోపాటు మిక్సీ మోయదు, అందుకని కరెంటు పోయిన వేళ పచ్చడి చేయరాదని వంటింటికి ఒక సర్క్యులర్. అది గోడ మీద ఎంతసేపుందో చెప్పను. సర్వర్: మన దేశంలో లేదు. జపాన్‌ది పట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి టోక్యో ఆరువేల కిలోమీటర్లకు పైనే. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, నేను కత్తి ఎత్తిన సంగతి అక్కడికి చేరి కబురు తిరిగి రావడానికి ఎంత లేదన్నా సెకనులో పదహారో వంతు పడుతుంది. ఇంట్లో నన్ను పిలిస్తే నేను పలికే వేగంతో పోలిస్తే అది మెరుపే అంది మా అమ్మాయి.

గేమ్‌కు 140 జీబీ ఖాళీ కావాలి. మా 40 ఎంబీపీఎస్ లైన్ మీద లెక్కేస్తే ఎనిమిది గంటలు. రాత్రి పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే రూటర్ ప్లగ్గు కింద వేలాడుతోంది, దాని చోట్లో అమ్మ ఫోను చార్జింగ్ అవుతోంది. అమ్మను కూర్చోబెట్టి డీవియేషన్ విచారణ మొదలుపెట్టాను. ప్లగ్గు ఎన్నింటికి తీశావు, తీసేటప్పుడు లైటు వెలుగుతోందా, ముందు ఎవరినైనా అడిగావా?

“ఏందిరా పోలీసోని లెక్క అడుగుతున్నవ్? కీసర గుట్ట పాటలు ఇందామంటె ఫోన్ల చార్జింగ్ లేదు, పెట్టుకున్న” అంది అమ్మ. మూలకారణం: అమ్మ. నివారణ చర్య: ఎక్స్‌టెన్షన్ బాక్సు. సంతకం చేయమంటే వేలిముద్ర వేస్తానంది. ఆవిడ పాత మెట్రిక్యులేషన్ పాసు.

తర్వాత పాత్రకు పేరు. ముందు పేరు, చివరి పేరు రెండూ కలిపి ఇరవై ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదని నిబంధన. వెంకట అంటే ఏడు, సత్యనారాయణ అంటే పదమూడు. సరిగ్గా ఇరవై! దేవుడే కుదిర్చాడనుకున్నాను. కానీ ఇంటిపేరుకు చోటు లేదు. ఇంటిపేరు లేకుండా రాక్షసుల మీదికి పోతే మా నాన్న ఆత్మ ఏమనుకుంటుందని కొన్ని రాత్రులు తర్జనభర్జన పడ్డాను. మొహం, ముక్కు, కనుబొమ్మలు ఒక్కొక్కటే ఎంచుకోవాలట. జుట్టు దగ్గర మాత్రం తడుముకోలేదు. ఒత్తుగా, భుజాల దాకా అని రాసుకున్నాను.

ఈ దశలో మా ఆవిడకు సంగతి తెలిసింది.

“ఆన్‌లైన్ గేమా? టీవీల చూడలేదా? బంద్ చేసిండ్రు కద! ఇల్లు అమ్ముతరా ఏంది?”

అది పైసలు పెట్టి ఆడేవాటి సంగతి అని చెప్పాను. ఆన్‌లైన్ రమ్మీని మన తెలంగాణ 2017లోనే నిషేధించింది, పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పందేలున్న ఆటలన్నిటి మీదా చట్టం చేసింది, నాది పందెం లేనిది. చట్టం ప్రతి ప్రింటు తీసి అనుబంధం-4గా జతచేశానని చూపించాను. ఆమె పేజీలు తిప్పింది. వృత్తుల ఎంపిక దగ్గర ఆగింది. ఈ గేమ్‌లో యుద్ధమే కాదు, వంట చేయొచ్చు, వడ్రంగం చేయొచ్చు, చేపలు పట్టొచ్చు. నేను ‘వంట, చేపల వేట’ అని టిక్కు పెట్టాను.

“వంట?” అంది.

“అక్కడ” అన్నాను.

“చేపలు గూడ అక్కడ్నేనా? శామీర్‌పేట చెర్వు కాడికి పోయి కొర్రమీను తెమ్మంటె, వాసన అని కారు అద్దాలు దించుకొని వచ్చినోళ్లు మీరు.”

మా అమ్మాయి అడ్డొచ్చింది. “డాడీ, ఇదంతా ఎందుకు? స్టార్ట్ నొక్కితే అయిపోతుంది కదా!” నిజానికి నా కోసం అన్నీ నింపి, పాత్ర తయారు చేసి, ఆ బటన్ మీద మౌస్ బాణం పెట్టి మరీ వెళ్లింది. నేను ఆమె వెళ్లాక బాణాన్ని మెల్లగా పక్కకు జరిపాను. ఆమోద పత్రంలో ‘పరిశీలించినవారు’ అన్నచోట సంతకం లేదు. సంతకం లేకుండా లైను ఎలా నడుపుతాం? ఇంట్లో ఆ అధికారం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు కనుక ఫైలు మా ఆవిడకు పంపాను, వంటింట్లోకి, పెన్నుతో సహా.

సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. సంతకం లేదు. చివరి పేజీలో ఆమె గుండ్రటి చేతిరాత:

“అబ్జర్వేషన్ 1: వంటింటి నల్లా కారుతున్నది. బోనాల కంటె ముందు చెప్పిన. రాయనిది జరగనట్టే అంటరు కాబట్టి ఇప్పుడు రాస్తున్న. అబ్జర్వేషన్ 2: బియ్యం డ్రమ్ములు హాల్లకు ఎవరు జరిపిండ్రు? గడువు: ఆదివారం పొద్దుగాల.”

అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీ చేసి, లోపాల జాబితా రాసిన 483 ఫారం చేతికిచ్చినా జవాబుకు పదిహేను పని దినాలుంటాయి. ఇక్కడేమో అప్పటికే శుక్రవారం సాయంత్రం. గడువు పొడిగించమని అడగబోయి, ఆమె చేతిలో అట్లకాడ చూసి విరమించుకున్నాను. గేమ్ ఫైలు పక్కన పెట్టేశాను. అరంగుళం నల్లాలో ఇత్తడిది మేలా, ప్లాస్టిక్‌ది మేలా, వాషర్ మారిస్తే సరిపోతుందా, స్పానర్ ఏ సైజు, మెయిన్ వాల్వు ఎక్కడ... శనివారం రాత్రి పన్నెండయ్యేసరికి నల్లా ఫైలు మొదటి భాగం పూర్తయింది. స్పానర్ ఇంకా కొనలేదు.