రాజహంసలకు మూడు రోజులు, రియల్ ఎస్టేట్‌కు మిగతా ఏడాది

2025 జనవరిలో తిరుపతి జిల్లా సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చేశారు. నాలుగేళ్లు ఎగ్గొట్టి, అయిదో ఏట గుర్తొచ్చి, మూడు రోజులు. వేదికలు, ప్రసంగాలు, ఫొటోలు. నాలుగో రోజు? రాజహంసలు పులికాట్ సరస్సులోనే ఉన్నాయి. వలస పోయింది ముఖ్య అతిథులే.

ఆ తర్వాత పులికాట్ వంక కన్నెత్తి చూసేదెవరు? ప్లాట్లు అమ్మేవాళ్లు! శ్రీసిటీకి కూతవేటు దూరం! హైవే బిట్టు! ఇప్పుడు కొంటే రేపటికి రెట్టింపు! బ్రోచర్‌లో పచ్చిక ఉంటుంది, పార్కు ఉంటుంది, నవ్వుతున్న కుటుంబం ఉంటుంది. మురుగుకాలువ మాత్రం ఉండదు. ‘ఇన్ని వందల ఇళ్ల మురుగు యాడికి పోతుంది?’ అని పక్క ఊరోళ్లు అడిగారనుకోండి. ఏంది సామీ, అభివృద్ధికి అడ్డం పడతావా? గమ్మునుండు!

ఇళ్లు వద్దన్నదెవరు? శ్రీసిటీ పారిశ్రామికవాడ పుట్టి పదిహేనేళ్లు దాటింది. వేలమందికి పని దొరికింది. మరి వాళ్లు తలదాచుకునేదెక్కడ? కట్టండి. నాలుగంతస్తులు కాకపోతే పద్నాలుగు కట్టండి. తగువు అంతస్తులతో కాదు, నీళ్లతో. పులికాట్ సగటు లోతు మీటరు అటూ ఇటూ. వేసవిలో ఉత్తరపు కొస ఎండి నెర్రెలిస్తుంది. సముద్రం నీళ్లు వచ్చిపోయే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతుంటాయి. ఇంత లోతులేని పళ్లెంలో ఏం పోసినా అక్కడే ఉంటుంది. దాన్ని తినేది చేప. ఆ చేపను నమ్ముకుని బతికేది సరస్సు తిప్పల మీది మత్స్యకారుడు. ఆయన్నెవరైనా అడిగారా? ఆయన దగ్గర బ్రోచర్ లేదుగా!

కాళంగి ఏరు సూళ్లూరుపేటను ఒరుసుకుంటూ పోయి పులికాట్‌లో కలుస్తుంది. వాననీటికి తెలిసిన దారి అదే. ఆ దారిలో మట్టి తోలి, రాళ్లు పాతి, ‘గేటెడ్ కమ్యూనిటీ’ అని బోర్డు పెడితే వరద గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగి లోపలికొస్తుందా?

సర్కారు తక్కువ తిందా? 2020 డిసెంబరు 25న పేదలకు పట్టాల పండుగ మొదలెట్టింది. పట్నంలో సెంటు, అంటే 48 గజాలు. పల్లెలో సెంటున్నర. రాష్ట్రంలో ఎన్ని కాలనీలు తొలి వానకే చెరువులయ్యాయో అందరం చూశాం. ఆ తర్వాత గద్దెనెక్కినవాళ్లు రెండు సెంట్లు, మూడు సెంట్లు అన్నారు. మంచిదే. సెంట్లు పెరుగుతున్నాయి. కాలువ ఏ మేనిఫెస్టోలో ఉంది?

అనుమతి లేకుండా లేఅవుట్ వేసినా భయమేం లేదు. క్రమబద్ధీకరణ ఉందిగా! 2020లో ఒకసారి తలుపు తీశారు. 2025లో మళ్లీ తీశారు. తప్పు చెయ్, రుసుము కట్టు, రసీదు పట్టు. తిరుపతి జిల్లాలో పాపం పోగొట్టుకోవడానికి కొండెక్కాలని ఎవరన్నారు?

చెన్నై ఎంతో దూరం లేదు, వెళ్లి చూసి రండి. పళ్లికరణై చిత్తడినేలను కొరుక్కుతిన్నారు. మిగిలిన ముక్కకు 2022లో అంతర్జాతీయ చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు తెచ్చుకున్నారు. అయినా దాన్ని ఆనుకుని అపార్టుమెంట్ల గొడవ 2025లో హైకోర్టుకెక్కింది. పులికాట్‌కు ఆ బిరుదూ లేదు. 1976 నాటి అభయారణ్యం హోదా ఉంది. అభయం ఎవరికో మాత్రం తేలలేదు.

అయ్యా అధికారులూ, ప్లాను కాగితంలో ఒక్క గడి కలపండి: ‘మురుగు ఎటు పోతుంది, వాననీరు ఎటు పోతుంది?’ ఖాళీగా వదిలేసినా సంతకం పెట్టేస్తారని మాకు తెలుసు. కనీసం ఏ గడి చూడకుండా పెట్టారో రేపు కోర్టులో చూపించుకుంటాం.