రాగితీగ పద్యం: సటీకా తాత్పర్యం

అవతారిక

కోవిల్‌పట్టి చుట్టుపక్కల కరిసల్ (నల్లరేగడి) నేలలో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు. కొట్టు బోర్డు తమిళం. తీగ రీలు మీది చీటీ ఇంగ్లీషు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి దిగినవాళ్ల సంతతి ఇక్కడ ఇంకా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటుంది. పక్కనున్న ఇడైసెవల్ ఊరివాడైన కి. రాజనారాయణన్ ఆ వలస కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశాడు. ఈ మూడు భాషల మధ్య, రవ్వలు రాల్చే టెస్లా కాయిల్ కట్టబోయే కుర్రవాడు రాగితీగ కొనాలంటే ఒక పద్యం ఉండాలి, దానికో టీక ఉండాలి. పద్యం నాదే, టీకా నాదే; వేరే వ్యాఖ్యాతను పెట్టుకుంటే తగవులొస్తాయి. మూలంలో లేనిది రాయనని సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథసూరి మాటిచ్చాడు. నేనివ్వలేదు.

మూలము (తేటగీతి)

రాగి తీగకు మేనిపై రాపు లేక
నడుమ నతుకులు లేని యా నంబరు గని
రీలు బరువును మినహించి రేటు కట్టి
పావు కిలొ తెచ్చు వానికే ఫలము గలుగు.

టీక

రాగి తీగకు = ఎనామెల్ పూసిన వైండింగు వైరుకు; మేనిపై = పూత మీద; రాపు లేక = గీత పడక; నడుమన్ = మొదటికీ చివరికీ మధ్య; అతుకులు లేని = ఒకే తీగగా వచ్చిన; ఆ నంబరు = వివాదాస్పదం, కింద చూడుడు; కని = చీటీ చదివి కాదు, మైక్రోమీటరు పెట్టి; మినహించి = అడిగి మినహాయింపించుకుని; పావు కిలొ = 250 గ్రాములు. ‘కిలో’ ఛందస్సు కోసం కురచైంది, తూకంలో కురచ కారాదు.

తాత్పర్యము

గీతా అతుకూ లేని సరైన గేజి వైరును, ఖాళీ రీలు బరువు తీసేయించి, పావుకిలో కొన్నవాడి కాయిలే రవ్వలు రాలుస్తుంది.

విశేషములు

‘రాగి’ అన్నది కవి నమ్మకం మాత్రమే. అల్యూమినియం మీద రాగి తొడుగు వేసిన వైరూ అమ్ముడవుతుంది. బ్లేడుతో పూత గీకి, ఇంకొంచెం లోతుగా గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. 30 నంబరు వైరు పది మీటర్లకు రెసిస్టెన్సు 2.2 ఓములు చూపితే అసలు రాగి. మూడు దాటితే లేచి నమస్కారం పెట్టి రావడమే.

‘మేనిపై రాపు’ అన్నచోట కొట్టువాడికీ మనకూ మాట కుదరదు. ఈ ప్రాంతంలో బావి పంపుసెట్లు, నూలు మిల్లులు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు ఉన్నాయి. కాలిపోయే మోటార్లకు కొదవ లేదు. వైరు కొట్లు బతికేది రీవైండింగు పని మీదే. అందుకని మేలురకం చూపించమంటే వేడికి ఓర్చేది తీస్తారు: 155 క్లాసు, 180 క్లాసు, 200 డ్యూయల్ కోటు. మాట అబద్ధం కాదు, మన పనికి అక్కరలేదు. మోటారు వాడిది వేడి భయం, కాయిలు వాడిది గీత భయం. వెయ్యి చుట్ల సెకండరీ (కాయిల్లోని పెద్ద చుట్ట) మీద రెండు లక్షల వోల్టులు లేచాయనుకున్నా చుట్టుకూ చుట్టుకూ మధ్య సగటున 200 వోల్టులే. సరైన ఎనామెల్ కొన్ని వేల వోల్టులకు ఓర్చుకుంటుంది. పూత లేచిన చోట మాత్రం రవ్వ పక్క చుట్టుకు దూకి, ఆ చోటే కాల్చుకుంటూ పోతుంది.

కనుక అడుగు తీగ విప్పి రెండు వేళ్ల మధ్య లాగాలి. గరుకు చేతికే తెలుస్తుంది. తీగను తన మీద తనే చుట్టి భూతద్దంలో చూస్తే పూత పగిలిందో లేదో తెలుస్తుంది. ఇంటికొచ్చాక కొన్ని మీటర్లు ఉప్పునీళ్లలో ముంచి, కొసలు పైన ఉంచి, మల్టీమీటరు ఒక కడ్డీ గీకిన కొసకు, రెండోది నీళ్లకు తగిలించాలి. ముల్లు కదిలిందా, ఎక్కడో చిల్లి ఉన్నట్టే.

‘ఆ నంబరు’ దగ్గర వ్యాఖ్యాతలు రెండు పక్షాలు. అమెరికా పుస్తకం చదివి వచ్చినవాడు 28 కావాలంటాడు. వాళ్ల ఏడబ్ల్యుజి లెక్కలో 28 అంటే 0.32 మి.మీ. మన కొట్లో నంబరంటే ఎస్‌డబ్ల్యుజి. అందులో 28 అంటే 0.376. అమెరికా 28కి మన జోడీ 30, అంటే 0.315. వాళ్ల 28కీ మన 28కీ తేడా వెంట్రుకంత, నష్టం బండెడు. నాలుగంగుళాల పీవీసీ గొట్టం (బయటి కొలత 110 మి.మీ.) మీద వెయ్యి చుట్లకు 345 మీటర్లు కావాలి. 30 నంబరైతే పావుకిలోలో సరిపోతుంది, ఎత్తు 35 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. మన 28 కొంటే పావుకిలోకు 250 మీటర్లే వస్తాయి, అదే ఎత్తులో పట్టేవి ఎనిమిది వందల పైచిలుకు చుట్లే. నంబరు మానేసి మిల్లీమీటర్లలో అడగడమే సిద్ధాంతపక్షం.

‘అతుకులు’: మిగులు ముక్కలు కలిపిన రీలు, పాత మోటారు విప్పిన తీగ, రెండూ వర్జ్యం. సగం ధరకిచ్చినా అంతే.

‘రీలు బరువు’ సంగతి, కొనేది విరుదునగర్‌లో అయితే, ఎవరికీ విడమరచనక్కరలేదు. పప్పు, నూనె, మిరప తూచి పెరిగిన ఊరు. అయినా అడగాలి:

“అణ్ణాచ్చీ, రీలు బరువు తీసేశారా?”

“తీయకుండా ఇస్తానా తంబీ?”

అంటూనే అప్పుడు తీస్తారు. రాగి ధర కిలో లెక్కన లోహపు మార్కెట్టును బట్టి మారుతుంది. ప్లాస్టిక్ రీలుకు ఆ ధర కట్టడం అధర్మం.

‘ఫలము’: 1891లో న్యూయార్కులో నికొలా టెస్లా సభకు చూపించినటువంటి వెలుగు. దాన్ని ఎక్కడ అనుభవించాలో మూలం చెప్పలేదు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలు, విరుదునగర్ జిల్లా శివకాశిలో బాణసంచా. ఆ గోదాముల దరిదాపుల్లో వద్దు. ప్రాణం తీసేది పైన కనపడే రవ్వ కన్నా కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మరూ కెపాసిటరూ అన్న సంగతి పద్యంలో చోటు చాలక కవి వదిలేశాడు. పెద్దలెవరూ పక్కన లేకుండా స్విచ్చి వేయకూడదు. ఎర్తుకు ఇంటి వైరింగు వాడకుండా విడిగా రాడ్డు పాతాలి. కరిసల్ నేల ఎండకు నెర్రెలు విచ్చుతుంది, రాడ్డు మొదట్లో నీళ్లు పోస్తుండాలి.